మన లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, గుంటూరులో ఎంబీఏ చదువుతున్న మన సంఘపు అమ్మాయి ఒకతె మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మా కాలేజీలో మేనేజ్‌మెంట్ సూత్రాలు చెబుతున్నారు. ముందుగా ప్రణాళిక వేసుకోవాలంట, ఖర్చు రాసుకోవాలంట, నష్టం వస్తే తట్టుకునే దారి చూసుకోవాలంట, రేపటి తరానికి నష్టం లేకుండా వ్యాపారం చేయాలంట. ఇవి మన నాన్నావాళ్ళకి ఎవరూ ఎందుకు చెప్పరు?" అని అడిగింది. మేము తొందరలో ఉండి, "లోక జ్ఞానం లోకానిదమ్మా, మనకి సమస్తం ప్రభువే చూసుకుంటాడు" అని తల మీద చెయ్యి వేసి పంపేశాము.

ఇంటికి వస్తుంటే మీ పాస్టరమ్మగారు బండి వెనక కూర్చుని, "ఆ మాట పురుగుమందుల కొట్టాయనతో కూడా చెప్పి రాకపోయారా?" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఇప్పుడు అందరి ఎదుటా చెబుతున్నాము. ఇందులో మా ఒప్పుకోలు కూడా ఉంది.

2021లో మేము కూడా రెండెకరాలు కౌలుకు పట్టి మిరప వేశామని మీలో చాలామందికి తెలుసు. అది నల్ల తామర పురుగు వచ్చిన సంవత్సరం. పూత నిండా పురుగే. పూత రాలిపోయింది, పిందె నిలవలేదు, ఆకు ముడుచుకుపోయింది. ఈ మందు కాకపోతే ఆ మందు అంటూ వారానికి రెండుసార్లు కొట్టాము. ఆ సంవత్సరం గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో జరగని ఇల్లు లేదు.

చివరికి మా లెక్క ఇలా తేలింది. కౌలు రెండెకరాలకు 80,000. విత్తనం, నారు 30,000. ఎరువులు 60,000. పురుగుమందులు 1,10,000. కూలీలు, కోతలు అన్నీ కలిపి 90,000. మొత్తం 3,70,000 రూపాయలు. వచ్చిన కాయ తొమ్మిది క్వింటాళ్ళు. ఆ ఏడాది సరుకు తక్కువై ధర బాగానే ఉంది కాబట్టి క్వింటా 17,000 చొప్పున 1,53,000 వచ్చింది. పోయింది 2,17,000.

అయితే ప్రియులారా, మా ఒప్పుకోలు నష్టం గురించి కాదు. నష్టం అందరికీ వచ్చింది. పంట కాలమంతా మేము ఒక్క అంకె కూడా రాసుకోలేదు. పైన చెప్పిన లెక్క అంతా పంట అయిపోయాక, సంచులు వెదికి, కాగితాలు ఏరి, గుర్తు చేసుకుని వేసింది. పురుగుమందుల కొట్టు దగ్గరకు వెళితే బాకీ 1,43,000 అన్నారు. మా లెక్కకు 1,10,000. మొదటి రోజే అంతా తెచ్చుకున్నామనుకుని నూటికి రెండు రూపాయల వడ్డీ ఎనిమిది నెలలకు వేసినా 17,600 అవుతుంది. కలిపితే 1,27,600. మిగిలిన 15,400 ఎక్కడిది? అడుగుదామంటే మన చేతిలో పుస్తకం లేదు. వారి పుస్తకంలో తేదీలున్నాయి, సీసాల పేర్లున్నాయి. తప్పు వారిదో మాదో ఈనాటికీ మాకు తెలియదు. తలవంచుకుని ఒప్పుకుని వచ్చాము.

సెమినరీలో మూడేళ్ళు చదువుకున్నవాళ్ళం. గృహనిర్వాహకుని ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు చేసినవాళ్ళం. మా సొంత ఇంటి లెక్క మాత్రం వేరొకరి పుస్తకంలో ఉంది. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని తర్వాత తెలిసింది. మన సంఘంలో ఇల్లిల్లూ తిరిగి అడిగాము. కొట్టు పుస్తకంలో ఒక లెక్క, యార్డులో కమీషన్ ఏజెంటు పుస్తకంలో ఒక లెక్క, వడ్డీకిచ్చిన ఆసామి నోటులో ఒక లెక్క. మన పుస్తకంలో ఏమీ లేదు. అసలు పుస్తకమే లేదు.

కోత పండుగ కానుక

ఇంకొక సంగతి చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

ఆ మరుసటి సంవత్సరం కోత పండుగకు మన సహోదరుడు ఒకరు 5,000 రూపాయలు ప్రథమ ఫలంగా తెచ్చి పళ్ళెంలో వేశారు. కౌలు రైతు. ఇద్దరు ఆడపిల్లలు. మేము సంతోషించి, సంఘం ఎదుట ఆయన విశ్వాసాన్ని మెచ్చుకుని ప్రార్థన చేశాము. ఆ తర్వాత ఆయన నెల రోజులు మందిరానికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే ఆయన భార్య ఏడుస్తూ చెప్పింది. ఆ 5,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బంట. అందరూ ఇస్తుంటే ఇవ్వకుండా ఉండలేకపోయాడంట. వడ్డీకిచ్చినాయన మందిరం వీధిలోనే ఉంటాడు కాబట్టి అటువైపు రావడం మానేశాడంట.

మేము ఆ డబ్బు తీసుకుని వెళ్ళాము. "దేవునికిచ్చింది వెనక్కి తీసుకోను అయ్యగారూ" అన్నాడు. "తమ్ముడూ, నీవు దేవునికి ఇచ్చావు. దేవుడు నీ అప్పు తీర్చమంటున్నాడు, తీసుకో" అన్నాము. చాలాసేపటికి తీసుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని, పెద్దపాప నోటుపుస్తకం చివరి పేజీలో, ఎవరికెంత ఇవ్వాలో మొదటిసారి ఆయన చేతనే రాయించాము. ఏడు చోట్ల బాకీ ఉంది. ఆయన భార్యకు నాలుగే తెలుసు. రాయడం అయ్యాక ఆయన ఒక మాట అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇది కొండలాగా కనిపించింది అయ్యగారూ, ఇప్పుడు అంకెలాగా కనిపిస్తంది."

ఆ మాట మాకు మీటింగుల్లో విన్న ఎన్నో సాక్ష్యాల కంటే పెద్ద సాక్ష్యం. ఈ సంగతిని ఇక్కడ రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాము.

మన నేల మీద దీని విలువ ఏమిటో పెద్దవారికి తెలుసు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తికి తెల్లదోమ వచ్చింది. మందు మీద మందు, పదిహేను ఇరవై సార్లు కొట్టిన రైతులున్నారు. మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ చావలేదు. అప్పులు మిగిలాయి. పురుగుకు కొట్టవలసిన మందు మనుషులు తాగారు. మేము అప్పుడు పిల్లలం. మా వీధిలో ఒక ఇంటి ముందు టెంటు వేసి ఉండడం, పెద్దవాళ్ళు మమ్మల్ని అటు పోనివ్వకపోవడం గుర్తుంది. కాబట్టి లెక్క పుస్తకం గురించి మాట్లాడడం లోకసంబంధమైన సంగతి అని ఎవరైనా అంటే, ప్రాణాల గురించి మాట్లాడుతున్నామని మేము అంటాము.

కాలువ తవ్వించిన దొరగారు

మేనేజ్‌మెంట్ అనే మాట మనకు కొత్త కావచ్చు. ఆ పని మన సంఘ చరిత్రకు కొత్త కాదు.

జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూమి సర్వే పని నేర్చినవారు. ఆయనతో కలిసి ఊరూరా సువార్త నడిపించిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద. వ్యాపారం కోసం తిరిగిన దారులే ఆయనకు సువార్త దారులయ్యాయి. అంటే మన ప్రాంతపు సంఘానికి పునాది వేసినవారిలో ఒకరు కొలత తెలిసినవారు, ఒకరు బేరం తెలిసినవారు.

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతా గొప్ప కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళ కాలువ పనిని కాంట్రాక్టుగా తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలమంది ఆకలితో వచ్చారు, తవ్వారు, కూలి తీసుకుని తిన్నారు. వచ్చినవారికి ఉచితంగా గంజి పోసి పంపడమే కాకుండా, మర్యాదగా పని ఇచ్చి, కొలిచి, కూలి ఇచ్చారు. మట్టి కొలతకు లెక్క ఉండాలి, మనుషుల హాజరుకు లెక్క ఉండాలి, సర్కారుకు అప్పగించాల్సిన పనికి గడువు ఉండాలి. ఇదంతా ఈనాడు కాలేజీలో చెప్పే పాఠమే.

అయితే ఆయన చేసిన ఒక పని మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. కరువు సాయం చేతిలో ఉన్నంతకాలం, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అడుగుతున్నవారు వేలల్లో ఉన్నారు. అన్నం కోసం వచ్చారా ప్రభువు కోసం వచ్చారా అనే సందేహం ఎవరికీ మిగలకూడదని ఆపారు. సాయం పంచడం అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది కూడా దొరగారి చేతుల మీదుగా కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు.

దీన్ని చాలా ప్రసంగాల్లో అద్భుతంగా చెబుతాము. అద్భుతమే. కానీ అందులో రెండు క్రమాలు కూడా ఉన్నాయి. ఒకటి, డబ్బు లెక్కనూ ఆత్మల లెక్కనూ కలపకపోవడం. రెండు, పని అంతా ఒక్కరే చేయకుండా పంచడం. కోత పండుగ రోజున ఆ తమ్ముడి అప్పు డబ్బును మేము విశ్వాసపు కొలతగా మెచ్చుకున్నామే, అక్కడ ఆ మొదటి క్రమాన్ని మేమే తప్పాము.

వాక్యం మనకు నేర్పే నిర్వహణ

మొదటిది, మొదలుపెట్టక ముందు కూర్చోవడం. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకుంటాడని ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పారు. నిలబడి కాదు, కూర్చుని. మనం కొట్టు ముందు నిలబడి నిర్ణయాలు తీసుకుంటాం. పక్క చేనాయన తేజ వేశాడని తేజ, ఆయన బాడిగ వేశాడని బాడిగ.

మన ధర్నాల్లో గిట్టుబాటు ధర కావాలని అరుస్తాం. అరవాల్సిందే. అయితే మీ గిట్టుబాటు ధర ఎంత అని ఎవరైనా అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? మా రెండెకరాల ఖర్చు 3,70,000 తీసుకోండి. పురుగు రాకుండా ఎకరానికి పదిహేను క్వింటాళ్ళ చొప్పున ముప్పై క్వింటాళ్ళు పండిందనుకోండి. భాగిస్తే క్వింటాకు 12,333 రూపాయలు. కాయ ఎక్కువైతే కోతకూలీ పెరుగుతుంది, అది కలపకుండానే ఇంత. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 11,781. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. బాగా పండినా మనకు మిగలదని తెలుస్తుంది. ఈ భాగహారం నాట్లకు ముందు వేసుకుంటే, ఎకరం తగ్గించుకోవాలో, కౌలు బేరమాడాలో తెలుస్తుంది. పంట అయ్యాక వేసుకుంటే కన్నీళ్ళే.

రెండవది, పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఒకరి దగ్గర. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ డబ్బును ఒంటరిగా మోయలేదు. నింద రాకుండా సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంటబెట్టుకున్నాడని రెండవ కొరింథీ 8వ అధ్యాయంలో చూస్తాము. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అవసరం లేదా? ఇక్కడ మేము మళ్ళీ ఒప్పుకోవాలి. మన మందిర నిర్మాణ నిధికి చాలాకాలం డబ్బూ మా దగ్గరే, పుస్తకమూ మా దగ్గరే. రూపాయి పోలేదు. కానీ పోలేదని మీకు తెలిసే మార్గం కూడా లేదు. ఇప్పుడు ముగ్గురి పేర్ల మీద బ్యాంకు ఖాతా ఉంది, లెక్క కాగితం ప్రతి నెలా మొదటి ఆదివారం మందిరం తలుపుకు అంటిస్తున్నాము. సంఘం ముందు దిద్దుకోకుండా సంఘానికి బోధించే హక్కు కాపరికి లేదు.

మూడవది, మంచి ఏడాదిలో చెడ్డ ఏడాదికి దాచడం. యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ఐదో వంతు తీసి దాచాడు. కల చెప్పిన దేవుడే కొట్లు కట్టే తెలివి కూడా ఇచ్చాడు. మన దగ్గర మిర్చి ధర బాగా పలికిన ఏడాది ఏం జరుగుతుందో మీకు తెలుసు. కొత్త బండి, పెద్ద ఫంక్షను, మరుసటి ఏడాదికి రెట్టింపు కౌలు. అందరూ మిరపే వేస్తారు, కోల్డ్ స్టోరేజీలు నిండిపోతాయి, ధర పడిపోతుంది. ఐదో వంతు కాకపోయినా పదో వంతు పక్కన పెట్టండి. కొంత నేలలో కంది, జొన్న, మినుము లాంటివి ఇంటి తిండికి వేసుకోండి. ఒక్క పంట మీద ఇల్లంతా నిలబెడితే ఆ పంట పడినప్పుడు ఇల్లు పడుతుంది.

నాలుగవది, నేలకు విశ్రాంతి. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు మనిషికే కాదు, భూమికి కూడా విశ్రాంతి సంవత్సరం నియమించాడు. భూమి నాది, మీరు నా దగ్గర అతిథులు అన్నట్టు మాట్లాడాడు. అంటే మనమందరం ఒక రకంగా కౌలుదారులమే. ఎన్నాళ్ళు కుదిరితే అన్నాళ్ళు పిండుకుని వదిలేసే నేల కాదిది. రేపటికీ నిలిచే వ్యాపారం అని కాలేజీలో చెబుతున్నది ఇదే.

దీనికి తెలుగు నేల మీద దారి వేసినవారున్నారు. ఉమ్మడి రాష్ట్రంలోని అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2003-04 నాటికే పురుగుమందులు మానేసింది. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. ఆ సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి మరో ఇద్దరితో కలిపి దక్కింది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకపోవడం, గట్ల మీద జొన్న, మొక్కజొన్న, చేలో అక్కడక్కడ బంతి, ఆముదం వేయడం, తామర పురుగుకు నీలి జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు పెట్టడం, వేప కషాయం కొట్టడం, ఇవన్నీ చేసే పని తక్కువేమీ కాదు. కానీ చాలావరకు కొట్టు పుస్తకంలో ఎక్కవు.

కొందరు విశ్వాసులు మమ్మల్ని చాటుగా అడిగారు. "అయ్యగారూ, జీవామృతంలో ఆవు పేడ, మూత్రం కలుపుతారు కదా, అది మన విశ్వాసానికి అడ్డు కాదా?" అని. ప్రియులారా, పేడ ఎరువు మీ తాతలూ వేశారు, మా తాతలూ వేశారు. అది ఆరాధన కాదు, మట్టి పని. భూమినీ అందులోని సూక్ష్మజీవులనూ చేసినవాడు మన దేవుడే. నిశ్చింతగా కలుపుకోండి. అయితే మేము వ్యవసాయ శాస్త్రవేత్తలం కాదు. మొత్తం పొలం ఒక్కసారిగా మార్చి ఇల్లు ముంచుకోమని చెప్పడం లేదు. అరెకరంలో మొదలుపెట్టండి, రెండు మడులకూ వేరువేరుగా లెక్క రాయండి, లాం ఫారం వారిని అడగండి, మరుసటి ఏడాది అంకెలను చూసి నిర్ణయించుకోండి.

ఐదవది, కలిసి మోయడం. మోషే ఉదయం నుండి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఇలా అయితే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించి, వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారులను పెట్టమన్నాడు. యిత్రో ఇశ్రాయేలీయుడు కూడా కాడు, గమనించండి. బయటివాడు చెప్పిన నిర్వహణ సూత్రాన్ని మోషే వినయంగా నేర్చుకున్నాడు. కాబట్టి ఎంబీఏ పుస్తకంలో మంచి మాట ఉంటే నేర్చుకోవడానికి మనకు సిగ్గెందుకు?

1956లో కరీంనగర్ జిల్లా ముల్కనూరులో రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం అప్పు ఇవ్వడం, ఎరువు అమ్మడం, పంట కొనడం అన్నీ ఒకే చోట చేస్తూ ఈనాటికీ నిలబడి ఉంది. ఇప్పుడు పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. మనం అంత దూరం వెళ్ళలేదు. పోయిన ఏడాది మన సంఘంలో పదకొండు కుటుంబాలు కలిసి టార్పాలిన్లు కొన్నాయి. కల్లంలో కాయను నేల మీద కాకుండా పట్టాల మీద ఆరబోసి, రాత్రి మంచు తగలకుండా కప్పి, తాలు కాయలు ఏరి, ఒకే లారీలో యార్డుకు తీసుకెళ్ళాయి. తేమ వల్ల బూజు పడితే ఎగుమతి చేసేవారు వెనక్కి పంపుతారు, ఏరని సరుకుకు మంచి కాయ ధర కూడా తగ్గుతుంది. గొప్ప లాభం వచ్చిందని చెప్పము. ఒక్కో టిక్కీకి లారీ కిరాయి తగ్గింది, తాలు పేరు చెప్పి కోసే కోత తగ్గింది. అంతకంటే ముఖ్యంగా యార్డులో ఒంటరిగా నిలబడే భయం తగ్గింది.

ఒక అభ్యంతరం

"అయ్యగారూ, లెక్క రాస్తే వాన పడుతుందా? లెక్క రాస్తే యార్డులో ధర పెరుగుతుందా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పడదు, పెరగదు. కౌలుదారు పేరు మీద బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు, పంట నష్టం డబ్బు చాలాసార్లు పొలం యజమాని ఖాతాకే పోతుంది. ఇవి మన నోటుపుస్తకంతో తీరే సంగతులు కావు. బీదవాడు కష్టాల్లో ఉంటే వాడికి లెక్క రాయడం చేతకాదు అని తప్పంతా వాడి మీదే వేసే పెద్దమనుషులూ ఉన్నారు. మేము ఆ గుంపులో చేరము. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని వాక్యం చెబుతుంది గనుక, తప్పుడు తూకం మీద, అన్యాయపు వడ్డీ మీద, నకిలీ విత్తనం మీద మాట్లాడడం కూడా సంఘం పనే.

కానీ అన్యాయం మీద మాట్లాడాలన్నా చేతిలో అంకె కావాలి. ఆ 15,400 గురించి మేము నోరు తెరవలేకపోయింది ధైర్యం లేక కాదు, పుస్తకం లేక. విశ్వాసం తెలివికి ప్రత్యామ్నాయం కాదు, తెలివి విశ్వాసానికి ప్రత్యామ్నాయం కాదు. మోకాళ్ళ మీద ప్రార్థన చేసినవాడే లేచి పెన్ను పట్టుకోవాలి.

మన మధ్యనే ఉన్న గురువులు

చివరిగా ఒక మాట. మేనేజ్‌మెంట్ నేర్పడానికి పట్నం నుంచి ఎవరినో పిలవాలని మేము ఆలోచిస్తుంటే మీ పాస్టరమ్మగారు నవ్వి, "మందిరంలో ఎడమ వైపు కూర్చునేవాళ్ళు మీకు కనబడరా?" అన్నారు. నిజమే. మన డ్వాక్రా అక్కలు, వదినలు ఎన్నో ఏళ్ళుగా క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, సంఘంలోనే అప్పు ఇచ్చుకోవడం, సకాలంలో తీర్చడం, పుస్తకాలు సరిగ్గా రాయడం అనే ఐదు సూత్రాలు పాటిస్తున్నారు. పదో తరగతి దాటని ఒక సహోదరి తన గుంపు లెక్కలను రూపాయి తేడా లేకుండా చెబుతుంది. అదే ఇంట్లో ఆమె భర్త మిరప చేను లెక్క మాత్రం కొట్టు పుస్తకంలో ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. సామెతలు చివరి అధ్యాయంలోని గుణవతి పొలాన్ని చూసి, ఆలోచించి కొన్నదని చదివి ఆమెన్ అంటాము. ఇంటికెళ్ళి, నీకేం తెలుసు ఊరుకో అంటాము.

కాబట్టి ఇదే మా మనవి. ఈ సారి నాట్లకు ముందు, నాలుగు ఆదివారాలు ఆరాధన తర్వాత ఒక గంట మందిరంలోనే కూర్చుందాం. ప్రతి కుటుంబం నుంచి భార్యాభర్తలిద్దరూ రావాలి. ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. తేదీ, ఏం కొన్నాం, ఎంత, ఎవరి దగ్గర, నగదా అప్పా, ఈ ఐదు గళ్ళు చాలు. మన డ్వాక్రా సహోదరీలు నేర్పుతారు. ఎంబీఏ చదువుతున్న అమ్మాయి గిట్టుబాటు ధర లెక్క నేర్పుతుంది. ఆమెను మేము ఫోనులో క్షమాపణ అడిగాము. "వస్తాను అయ్యగారూ" అంది. మేమూ మా పుస్తకం తెచ్చుకుని వెనక బల్ల మీద కూర్చుంటాము.

కోత పండుగకు ఇంకొక నియమం పెట్టుకున్నాము. అప్పు తెచ్చి ఎవరూ కానుక వేయవద్దు. బీద విధవరాలి రెండు కాసులు ఆమెవే, వడ్డీకి తెచ్చినవి కావు. ఏమీ లేనివారు గుప్పెడు కాయలు తెచ్చి పళ్ళెంలో వేయండి. అదీ లేకపోతే ఖాళీ చేతులతో రండి, ముందు వరుసలో కూర్చోండి. ప్రభువు ఇంటికి రావడానికి రుసుము లేదు.

గృహనిర్వాహకులలో చూసేది నమ్మకమే అని పౌలు చెప్పిన సంగతి మనకు తెలుసు. ఎకరాలు, క్వింటాళ్ళు, లాభాలు చివరి రోజున మనల్ని అడగకపోవచ్చు. నీ చేతికిచ్చిన నేలను ఏం చేశావు, నీ ఇంటివారికి నిజం చెప్పావా, నీ కూలివాడి కూలి సకాలంలో ఇచ్చావా అని అడుగుతారు. ఆ రోజుకు మన పుస్తకం మన చేతిలో ఉండాలి.

ప్రభువా, మా చేలను చల్లగా చూడు. మా నేల మీద మేము పోసిన విషానికి మమ్మల్ని క్షమించు. అప్పుల భారంతో రాత్రులు నిద్రపోని నీ బిడ్డలకు, ఆ భారాన్ని ఎవరో ఒకరితో చెప్పుకునే ధైర్యం ఇవ్వు. వినే చెవులు మాకివ్వు. యేసు నామమున, ఆమేన్.